ఎండుకొబ్బరిలో ఇనుము తగ్గిన ఇరవై తొమ్మిది రోజులు

1988 నవంబరు 9, బుధవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు, రాజోలు దారిలో ఉన్న మా మేనమామ గారి కొబ్బరినూనె మిల్లులో ఒక చెక్కపెట్టె తెరిచాము. ఆ రోజుల్లో బి.ఎస్సీ. ఫిజిక్సు పాసయిన కుర్రవాడికి తనకు తెలియని సంగతులు కూడా ఉంటాయని నచ్చజెప్పడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. నా విషయంలో ఆ పని ఒక యంత్రం చేసింది; దానికి ముప్పై రోజులు పట్టింది. అప్పుడు నా వయస్సు ఇరవై రెండేళ్ల నాలుగు నెలలు, ఉద్యోగం సూపర్‌వైజరు. (నా కింద పనిచేసేవారందరికీ పని నాకంటే బాగా వచ్చు కనుక సూపర్‌వైజు చేయడానికి తీరిక బాగా ఉండేది.)

మా మిల్లుకు ఎండుకొబ్బరి ఎక్కడెక్కడి నుంచో గోనెసంచుల్లో వచ్చేది. దానితోపాటు మేకులు, తీగముక్కలు, సంచులు కుట్టే దబ్బనాలు కూడా వచ్చేవి. కొబ్బరిని ముందు ఆవిరి కెటిల్లో వేడి చేసి, ఆ తరువాత ఎక్స్‌పెల్లరులో పిండుతారు. లోపల తిరిగే షాఫ్టుకు ఒక్క దబ్బనం అడ్డుపడితే చాలు, మిల్లు మూగబోతుంది. ఆ సంవత్సరంలో అప్పటికి రెండు షాఫ్టులు పాడయ్యాయి. ఈసారి ఎవరి ఇనుము మరలో పడితే వారు మర్నాటి నుంచి ఇంట్లోనే కూర్చోవాలని మావయ్య గారు అందరినీ నిలబెట్టి చెప్పారు. మిల్లులో ఇనుముతో కూర్చునేది ఒక్కరే: సంచులు కుట్టే ఆవిడ. అందరూ ఆమెను దబ్బనం పిన్ని అనేవారు. ఉదయం ఏడు దబ్బనాలు లెక్కపెట్టి ఇచ్చి, సాయంత్రం లెక్కపెట్టి తీసుకునే పద్ధతి నేనే పెట్టాను.

"పోనివాటికి లెక్కేంటి బాబూ? నా వేళ్లు కూడా పొద్దున్నా సాయంత్రం లెక్కెట్టుకుంటావా?" అనేది పిన్ని. నేను నవ్వకుండా సంతకం బదులు వేలిముద్ర వేయించుకునేవాడిని.

అయస్కాంతం పెట్టాలని అందరం ఒప్పుకున్నాము. ఏది పెట్టాలన్న దగ్గరే తగువు. మిల్లు యంత్రాలన్నీ చూసే స్పానరు మేస్త్రీ, ధాన్యం మిల్లుల్లో వాడే నల్లటి పెద్ద అయస్కాంతపు దిమ్మ చాలన్నాడు. "బలం కాస్త తక్కువేనండి, కానీ వేడికి ఆగుద్దండి." నేనేమో అప్పుడప్పుడే బొంబాయి ఏజెంట్ల దగ్గరకు వస్తున్న నియోడిమియం అయస్కాంతాల పక్షం. అరచేతిలో ఇమిడే పలక, ఆ నల్లదిమ్మకు పదిరెట్లు పట్టు! దానితో వచ్చే కాగితంలో బలం గురించి ఉన్న పేజీని మావయ్య గారికి రెండుసార్లు చదివి వినిపించాను. రెండో పేజీ నేనూ చదవలేదు.

పెట్టెలో రెండు పలకలున్నాయి. మధ్యలో మందపాటి చెక్క. ఆ చెక్క ఎందుకు పెట్టారో ఆలోచించకుండా తీసి పక్కన పెట్టాను. మావయ్య గారి అడకత్తెర బల్లమీద జానెడు దూరంలో ఉంది. తరువాత జరిగింది కంటికి ఆనలేదు. అడకత్తెర లేచి ఒక పలకకు అతుక్కుంది, రెండో పలక వచ్చి అడకత్తెరకు అతుక్కుంది, ఆ మధ్యలో నా ఎడమచేతి చూపుడువేలు ఉంది. నేను లాగుతున్నాను, మావయ్య గారు నన్ను లాగుతున్నారు.

"లాగకండి, లాగకండి," అంటూ మేస్త్రీ నింపాదిగా వచ్చాడు. "ఎదురుగా లాగితే ఇది రాదండి. పక్కకి జరపాలి." చెక్కమేకు ఒకటి సందులో దూర్చి, పలకను ప్రక్కకు జరిపి విడదీశాడు. వేలు వచ్చింది, గోరు నల్లబడింది, ఒక పలక మూల పెచ్చు లేచింది, నా చేతిగడియారం పది ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. ఆ పెచ్చు లేచిన పలక ఉప్పుగాలికి తుప్పు పట్టి నూనెలో రాలుతుందని మేస్త్రీ దానిని వాడనివ్వలేదు. పీచు మందంగా ఉన్న రెండు కొబ్బరి డొక్కల మధ్య పెట్టి, కొబ్బరితాడుతో కట్టి, ఆఫీసు గదిలోని చెక్క అలమారులో దాచాడు. (ఆ డొక్కల పొత్తికి మించిన రక్షణ బొంబాయి వారు కూడా ఇవ్వలేదు.)

మిగిలిన పలకను ఎక్కడ బిగించాలన్నది నేనే నిర్ణయించాను. కెటిల్‌కు ముందు కొబ్బరి దళసరిగా పడుతుంది. కెటిల్ దాటిన తరువాత పలుచగా జారుతుంది కనుక ఇనుము పలకకు బాగా దగ్గరగా వస్తుంది. వాదనలో దోషం లేదు.

"అక్కడ చెయ్యెట్టలేమండీ, అంత సెగ," అన్నాడు మేస్త్రీ.

"అయస్కాంతానికి చెయ్యి కాలదు మేస్త్రీ," అన్నాను.

"ఆయ్," అన్నాడు. మా ప్రాంతంలో ఆ మాటకు సరేనని అర్థం. పెద్దవాళ్లు కుర్రవాళ్లతో అన్నప్పుడు, నీ ఖర్మ అని కూడా.

రోజూ మధ్యాహ్నం మర ఆపి, పలకకు పట్టిన ఇనుపముక్కలను లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసేవాడిని. మొదటిరోజు నలభై ఒకటి. వారం తిరిగేసరికి ఇరవై మూడు. డిసెంబరు మొదటి తేదీకి తొమ్మిది. డిసెంబరు 7న రెండు. గ్రాఫు కాగితం మీద గీత గీసి ఆఫీసు గోడకు అంటించాను. ఇనుము తగ్గిపోతున్నది, కారణం నా క్రమశిక్షణ. మావయ్య గారు వచ్చిన ప్రతివారికీ ఆ గీత చూపించి, "మా మేనల్లుడండీ. ఇనుమే భయపడి రావటం మానేసింది," అనేవారు. నేను వినయంగా నేల చూసేవాడిని. ఆ గీత కూడా నేలకేసే దిగుతున్నది.

డిసెంబరు 8, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై నిమిషాలకు ఎక్స్‌పెల్లరు ఒక్క కేక పెట్టి ఆగింది. విప్పితే షాఫ్టు చీలి ఉంది, దాని పళ్లలో వంగిన దబ్బనం. మావయ్య గారు దానిని పట్టుకుని నేరుగా సంచుల పాకలోకి వెళ్లారు.

"ఏడు ఇచ్చారు, నా దగ్గర ఏడూ ఉన్నాయండి. చూసుకోండి," అన్నది పిన్ని.

"పోయినదాని బదులు బయట నుంచి ఒకటి తెచ్చి లెక్క సరిపెట్టలేదని ఏంటి నమ్మకం?"

"నావి రాయి మీద నూరుకుంటానండి, ముక్కు వంకర ఉంటాది. అది తిన్నంగా ఉంది. ఎవరి సంచిలోనో వచ్చింది."

"సంచిలో వస్తే అయస్కాంతం పట్టదా? ఆ గీత చూడలేదా నువ్వు?"

ఆ గీత పేరు ఎత్తాక ఆమె ఇక వాదించలేదు. దబ్బనాలు ఏడూ వరుసగా బల్లమీద పెట్టి, చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. వెళుతూ ఒకసారి నా వంక చూసింది.

రెండు నలభైకి నేను ఆఫీసులోకి వెళ్లి బొంబాయి కాగితం తీసి రెండో పేజీ చదివాను. ఎనభై డిగ్రీల వేడి దాటే చోట ఈ రకం వాడరాదు, వాడితే పోయిన బలం తిరిగి రాదు అని ఉన్నది. నోటుపుస్తకం తెరిచాను. ఎడమ గడిలో కెటిల్ వేడి: తొంభై ఐదు, తొంభై ఆరు, తొంభై ఐదు. కుడి గడిలో ఇనుపముక్కలు: నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, ముప్పై నాలుగు. ఇరవై తొమ్మిది రోజులపాటు, రెండూ నా దస్తూరీలోనే, పక్కపక్కనే. ఇనుము తగ్గలేదు, పట్టుకునేది చచ్చింది. లేచి మర దగ్గరకు వెళ్లాను, తిరిగి వచ్చాను, కూర్చున్నాను, లేచాను. చెబితే మావయ్య గారి ముందు, వచ్చినవారందరి ముందు ఆ గీత ఏమవుతుంది? ఆఫీసుకు, మరకు మధ్య పదిహేడుసార్లు తిరిగాను. (లెక్కపెట్టాను. లెక్కపెట్టడం మాత్రం మానలేదు.)

నాలుగుంబావుకు మేస్త్రీ పలకను ఊడదీసి తెచ్చి, మావయ్య గారి ఎదుట దానికి స్పానరు ఆనించాడు. స్పానరు ఒక్క క్షణం ఆలోచించి కిందపడింది. తరువాత డొక్కల పొత్తి విప్పి రెండో పలకకు ఆనించాడు. అది ఊడలేదు.

"రెండూ ఒక పెట్టెలోవే కదండీ," అని మాత్రం అన్నాడు.

"తప్పు పిన్నిది కాదండీ, నాది," అన్నాను. పుస్తకం, కాగితం రెండూ ముందు పెట్టాను. మావయ్య గారు చాలాసేపు చదివారు. ఆపైన గోడకేసి చూశారు.

"ఆ గీత ఎవరు గీశార్రా?"

"నేనేనండి."

"తిన్నంగా గీశావు," అన్నారు. అంతకంటె తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఉదయం ఏడున్నరకు కాలవగట్టున పిన్ని ఇంటికి వెళ్లాను. అరుగుమీద చిరిగిన గోనె బాగుచేసుకుంటున్నది.

"మావయ్య గారు రమ్మన్నారు పిన్నీ. తప్పు నాదని చెప్పేశాను."

"ఎప్పుడు చెప్పావు?"

"నాలుగుంబావుకి."

"నీకు తెలిసిందెప్పుడు?"

"మూడింటికి ముందే."

ఆమె దారం కొరికి ముడి వేసింది. "గంటంపావు పైన. అదీ రాసుకో బాబూ పుస్తకంలో."

రాసుకున్నాను. పదకొండు రోజులు ఆమె రాలేదు. ఆలోగా మేస్త్రీ కెటిల్ దాటిన చోట, ఆ సెగలో, నల్లదిమ్మ బిగించాడు. పెచ్చు లేచిన పలకకు ఇత్తడి రేకు తొడిగి కెటిల్‌కు ముందు, చల్లని చోట పెట్టాడు. పలకను తొడుగులోంచి జరిపితే చాలు, పట్టిన ఇనుమంతా దానంతట అదే రాలుతుంది, వేళ్లతో పనిలేదు. డిసెంబరు 20, మంగళవారం, ఎనిమిది గంటలకు పిన్ని వచ్చింది. తన దబ్బనాలు ఎవరూ లెక్కపెట్టకూడదన్నది. మావయ్య గారు ఆయ్ అన్నారు.

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. గళ్లు అంత తీరుగా గీసుకుని, తప్పును అంత శుభ్రంగా రాసుకున్న ఆ కుర్రవాడి మీద ఇప్పుడు కోపం రాదు. పక్కన కూర్చుని, రెండో పేజీ తిప్పు నాయనా అని చెప్పాలనిపిస్తుంది. వినడనీ తెలుసు.

పోయినవి: షాఫ్టు ఒకటి, అయస్కాంతం ఒకటి, చేతిగడియారం ఒకటి, గోరు ఒకటి (ఫిబ్రవరికి మళ్లీ వచ్చింది), పిన్ని పనిదినాలు పదకొండు, నేను నోరు మెదపని గంటా ముప్పై ఐదు నిమిషాలు.

మిగిలినవి: మూల పెచ్చు లేచిన అయస్కాంతం ఒకటి, నా ఉద్యోగం, పిన్ని.