ఆగమని రాసిన రిపోర్టు

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం మీద పోలీసు చర్య ముగిసిన వారానికి నన్ను మల్కాజ్‌గిరి వైపు లైను తనిఖీకి పంపారు. అప్పుడు నేను సికింద్రాబాద్‌లో అసిస్టెంట్ పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్‌ని. అంటే పట్టాలు, వాటి కింద అడ్డంగా వేసే స్లీపరు దుంగలు, కట్ట, చిన్న వంతెనలు చూసుకునే ఉద్యోగం. వయసు ఇరవై ఏడు. కొన్నాళ్లుగా ఆ లైనులో బండ్లు నడవలేదు, వానలు మాత్రం ఆగలేదు. అలాంటప్పుడు ఇన్‌స్పెక్టరు పట్టాల మీద తోసుకెళ్లే ట్రాలీలో లైనంతా చూసి సంతకం పెడితేగాని మొదటి బండి కదలదు. ఆ బండి మధ్యాహ్నానికి ఉంది. స్టేషనులో జనం రెండు రోజులుగా మూటలతో కాచుకుని ఉన్నారు.

నాతో వచ్చినవాడు పట్టాల పని కూలీల గ్యాంగు మేస్త్రీ ఖాజామియా. రాంగోపాల్‌పేట్ మనిషి, ఇరవై ఏళ్ల సర్వీసు. గొడవల్లో ఇల్లు కదల్లేక మూడు రోజులు డ్యూటీకి రాలేదు. దాని మీద, ఆయన నిజాం పక్షమేమోనని, ఆఫీసులో గుసగుసలు నడుస్తున్నాయి.

మల్కాజ్‌గిరి దాటాక కల్వర్టు అనే ఒక చిన్న వంతెన దగ్గర ఆయన ట్రాలీ ఆపించాడు. పైకి పట్టాలు తిన్నగానే ఉన్నాయి. స్లీపరు పక్కన గడ్డపార దించితే మాత్రం అది కంకర కిందికి మూరెడు లోతు అడ్డు లేకుండా దిగిపోయింది. కల్వర్టు గోడ వెనక మట్టిని వరద తీసుకుపోయిందని ఆయన అనుమానం. నాకూ అదే తోచింది. కాని ఆపమని రాస్తే, కొత్త ప్రభుత్వం రాగానే బండ్లు అడ్డుకున్నానంటారని భయం. చివరికి "ప్రస్తుతానికి నడపవచ్చు, జాగ్రత్త అవసరం, మళ్లీ పరీక్షించాలి" అని రాసి ఆయనకు చదివి వినిపించాను.

ఖాజామియా గడ్డపార కింద పెట్టాడు.

"నారాజ్ గాకండ్రి సాబ్. ఈ కాయితం డ్రైవర్‌ను పొమ్మంటదా, ఆగమంటదా?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టబోయాను.

"గ్యాంగోళ్లు మిమ్ములను 'చూద్దాం సాబ్' అంటరు. ఏది అడిగినా చూద్దాం అంటరు మీరు. ఇయ్యాల నేను బండి ఆపుమంటే మంది వేరే తీరుగ అనుకుంటరు, నాకెర్కనే. అయినా సుత చెప్తున్న."

నాకు ముఖం మండిపోయింది. వెంటనే ట్రాలీ బ్రేకు గుర్తొచ్చింది. అది సరిగా పట్టడం లేదని ఆయన రెండు నెలల క్రితమే చెప్పాడు. చూద్దామన్నాను. ఇంకా చూస్తూనే ఉన్నాను. ఆ కాగితం చించి, కొత్తదాని మీద "నడపరాదు" అని రాశాను.

స్టేషను నుంచి ఫోను చేస్తే నా పై అధికారి అసిస్టెంట్ ఇంజనీరు మండిపడ్డారు. బండి ఆపేది మీ పూచీ మీదేనా అని అడిగారు. నా పూచీ మీదేనన్నాను. గంటలో ఆయన ఇంకో ట్రాలీ మీద వచ్చి కంకర తీయించారు. కింద ఒక మనిషి కూర్చునేంత బొంద. ముందు పసిగట్టింది ఎవరని ఇంజనీరు అడిగితే ఖాజామియా పేరు చెప్పాను, రిపోర్టులోనూ రాశాను. ఆయన మూడు రోజుల గైరుహాజరు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బొందను బండరాళ్లతో నింపి, పట్టాల కింద స్లీపర్లు దొంతరగా పేర్చాం. మర్నాడు పగలు బండి నడక వేగంతో ఆ చోటు దాటింది. కిటికీల్లో పిల్లలు మమ్మల్ని చూసి చేతులూపారు. చివరి పెట్టె కల్వర్టు దాటేదాకా చక్రాల కిందే చూస్తూ నిలబడ్డాను. దాటగానే కంకర మీదే కూర్చున్నాను.

"ఇగ చాయ్ తాగుదాం పాండ్రి," అన్నాడు ఖాజామియా నవ్వుతూ.

ఆ వారంలోనే ట్రాలీకి కొత్త బ్రేకు వేయించాను. తర్వాత సర్వీసంతా రిపోర్టు మొదటి వాక్యంలోనే నిర్ణయం రాశాను, కారణాలు దాని కింద. పై అధికారి ముఖాన నిజం చెప్పడానికి కిందివాడు ఎంతో కొంత పణంగా పెడతాడు. విని కూడా ఏదీ తేల్చని అధికారికి రెండోసారి ఎవరూ చెప్పరు.