వదులు చీటీలు

మూడంతస్తుల మేడ మెట్ల కింద, చెప్పుల దుకాణానికీ తాళాలు బాగుచేసే అతనికీ మధ్య ఇరుక్కున్న గదిలో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, యాభై నాలుగేళ్ల మనిషి ఒకరు ఉంటారు. వీధిలో అందరికీ ఆయన ఆల్టర్ మాస్టారు. లావెక్కినవాళ్లూ, చిక్కిపోయినవాళ్లూ, అన్న ప్యాంటు తమ్ముడికి దిగినవాళ్లూ ఆయన దగ్గరికే వస్తారు. ఎవరికి ఎప్పుడు పొట్ట వచ్చిందో వాళ్ల ఇంటావిడ కన్నా ముందు ఆయనకి తెలుస్తుంది. తెలిసినా పైకి అనరు. "ఉతుకులో బట్ట కాస్త ముడుచుకుందండీ" అంటారు. అందుకే ఆయనంటే అందరికీ అంత ఇష్టం.

ఆయన బలహీనతల్లా ఒక్కటే. ఆల్టరేషన్‌కి ఇచ్చి, తీసుకెళ్లడం మరిచిపోయినవాళ్ల బట్టల్ని పారేయలేరు. మూడేళ్లు చూస్తారు. ఫోన్లు చేస్తారు, కబుర్లు పంపుతారు. మూడేళ్లూ దాటాక ఒక నిట్టూర్పు విడిచి, ఆ బట్టని తన ఒంటికి సరిచేసుకుని తొడిగేసుకుంటారు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో తనకంటూ ఒక్క చొక్కా కుట్టుకోలేదు. దాంతో సోమవారం బ్యాంకు మేనేజరులాగా, మంగళవారం సర్కస్ వాడిలాగా, బుధవారం పరామర్శకి బయల్దేరినవాడిలాగా కనిపించేవారు. బీరువా తలుపు మూసుకోదు. దానికి అడ్డంగా ఇంటావిడ ఒక కుర్చీ వేసి, కుర్చీ మీద పాత పేపర్ల కట్ట పెట్టింది.

"అక్కా, ఇవాళ మీ ఇంట్లో ఎవరున్నారే?" అని గుమ్మంలోంచే అరిచేది మరదలు. ఆవిడ ఉండేది రెండు వీధుల అవతల. లైబ్రరీలో ఉద్యోగం. బావని ఏడిపించడం ఆదివారం కాలక్షేపం.

ఇదంతా నవ్వులాటగానే సాగేది, కిందటేడు కూతురి నర్సింగ్ కాలేజీలో తల్లిదండ్రుల సమావేశం జరక్కపోతే. మాస్టారు మంచి నేవీ బ్లూ కోటు వేసుకుని వెళ్లారు. ప్రిన్సిపాల్ ఆయన్ని ఎగాదిగా చూసి, దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి. ఆ కోటు లోపలి జేబులో ఆకుపచ్చ సిరా మరకేమైనా ఉందా?" అన్నాడు.

మాస్టారు తెరిచి చూసుకున్నారు. ఉంది.

"అయితే నాదేనండీ!" అని ప్రిన్సిపాల్ సంబరపడిపోయాడు. హాలు హాలంతా గొల్లుమంది. మాస్టారు అక్కడికక్కడే కోటు విప్పబోయారు. "వద్దొద్దు, ఉంచుకోండి" అని ఆయన, "మీ వస్తువు మీదే" అని ఈయన. ఆ పెనుగులాటలో చంక దగ్గర పర్రుమని చిరిగింది. ఆ కుట్టు తను వేసింది కాదని మాస్టారు ఇప్పటికీ వాదిస్తారు.

కూతురు కూడా అందరితోపాటు నవ్వింది. తిరుగు బస్సులో మాత్రం రెండు వరసలు వెనక కూర్చుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి చదువు పూర్తయింది. ఇంకో పది రోజుల్లో బ్యాడ్జీల కార్యక్రమం. ఒక్కొక్క అమ్మాయికీ ఇంటి పెద్ద ఒకరు వేదిక మీదికొచ్చి, తెల్ల కోటుకి తమ చేత్తో బ్యాడ్జీ గుచ్చాలి. అది ఎవరో వచ్చే శుక్రవారంలోగా కాగితం మీద రాసివ్వాలి. శనివారం సాయంత్రం టీ దగ్గర ఇంటావిడ నోరు జారింది.

"అది వాళ్ల పిన్నిని పిలుద్దామనుకుంటోందండీ. మీరేమీ అడక్కండి."

"నేనెందుకడుగుతాను? మరదలు చక్కగా ఉంటుంది వేదిక మీద" అన్నారు మాస్టారు. అని, ఖాళీ కప్పులో చెంచా తిప్పారు.

మర్నాడు పొద్దున్నే మరదలికి ఆయనే ఫోన్ చేశారు. "లైబ్రరీలో ఎవరూ చదవని పుస్తకాలు ఏరేస్తారే, అదెలా చేస్తారు?"

"పుస్తకాలతో నీకేం పని బావా?"

"పుస్తకాలు కాదులే. నన్ను."

ఆవిడ పావుగంటలో వచ్చేసింది. బీరువాలో ఉన్నదంతా మంచం మీద గుమ్మరించారు. యాభై మూడు చొక్కాలు, పందొమ్మిది ప్యాంట్లు, ఏడు కోట్లు, ఒక బ్యాండు మేళం వాడి ఎర్ర జాకెట్టు. మరదలు నీలం చీటీల కట్ట చేతిలో పెట్టింది. "ఒక్కొక్కటీ తొడుక్కుని అద్దం ముందు నిలబడు. ఇది నేనే అనిపిస్తే 'ఉంచు' అని రాసి గుచ్చు. లేకపోతే 'వదులు'. జాలి పడకూడదు."

జాలి పడకుండా ఉండటం ఆయనకి చేతకాని పని. "పాపం, ఈ పువ్వుల చొక్కా ఇచ్చినాయన మళ్లీ వస్తానన్నాడు" అంటారు. "ఎప్పుడు?" అంటుంది మరదలు. "పదకొండేళ్లయింది" అంటారు. "వదులు" అంటుంది. అలా మధ్యాహ్నం దాకా సాగింది. చివరికి 'ఉంచు' అనిపించుకున్నవి రెండు చొక్కాలు, రెండు ప్యాంట్లు. ఒళ్లు తేలికై మాస్టారు స్నానానికి వెళ్లారు.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి అక్కాచెల్లెళ్లు అన్నీ సంచుల్లో కుక్కి, పాత బట్టల దుకాణం వాళ్ల వ్యానులోకి ఎక్కించేశారు.

"ఈ కుర్చీ మీద పోస్టుమాస్టారి కోటుండాలే?" అన్నారు మాస్టారు.

"దాని మీద కూడా 'వదులు' అనే ఉందిగా బావా! నీ చేతిరాతే!"

మాస్టారు తువ్వాలు కుర్చీ మీద పడేశారు. బిగువైన బట్టకి కుట్లు విప్పి కాస్త వదులు చెయ్యాలని గుర్తు కోసం ఆయన ఇరవై ఆరేళ్లుగా రాస్తున్న చీటీ అది. ఇంటికి తెచ్చుకున్న ఐదుగురు కస్టమర్ల బట్టల మీదా ఆ మాటే ఉంది. పోస్టుమాస్టారు సాయంత్రం ఆరింటికి కోటు కోసం వస్తారు.

"మీ భాష తగలెయ్యా! 'లూజు' అని రాయచ్చుగా!" అంది ఇంటావిడ.

మాస్టారు చొక్కా గుండీలు ఒక కాజా తేడాగా పెట్టుకుని వీధిలోకి పరిగెత్తారు. కూతురు చెప్పులేసుకుని వెనకాలే వచ్చింది.

దుకాణంలో నాలుగు బట్టలు సంచిలోనే దొరికాయి. ఐదోది, పోస్టుమాస్టారి కోటు, అద్దం ముందు ఒక పొడుగాటి మనిషి ఒంటి మీద ఉంది. "నాకు అతికినట్టు సరిపోయిందండీ, ఇవ్వను" అన్నాడతను.

మాస్టారు బతిమాలలేదు. అతని చుట్టూ ఒకసారి తిరిగారు. "భుజం కుట్టు మీ భుజం మీద కూర్చోలేదు, కిందికి జారింది. మెడ వెనక ముడత చూశారా? మీది నిటారు నడక. వంగి నడిచే మనిషికి కత్తిరించిన కోటిది." అంటూనే అప్పుడే తగిలించిన తన బట్టల్లోంచి ఒక బూడిద రంగు కోటు లాగి ఇచ్చారు. అతను తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. దుకాణం ఆవిడ కూడా చేతిలో పని ఆపి చూసింది.

"ఇదెవరిదండీ?" అన్నాడతను, గొంతు తగ్గించి.

"మీదే" అన్నారు మాస్టారు.

కోటు చేతి మీద వేసుకుని ఇంటికి నడుస్తుంటే కూతురు అడిగింది. "ముక్కూ మొహం తెలియనాయనకి అంత చక్కగా చెప్పావే. నీకు నువ్వెప్పుడూ ఎందుకు చెప్పుకోలేదు నాన్నా?"

మాస్టారు ఆలోచించారు. "అద్దంలో బట్ట బాగా కూర్చుందా లేదా అనే చూస్తానమ్మా. లోపలి మనిషిని చూడాలని తోచలేదు."

మర్నాడు ఆయన బట్టల కొట్టుకి వెళ్లారు. ముప్ఫై తాన్లు విప్పించి, ఏ రంగంటే తనకిష్టమో తెలియక చెమటలు పట్టి, చివరికి గీతలూ పువ్వులూ లేని లేత నీలం బట్ట తెచ్చుకున్నారు. "ఇంత వెతికి ఇదా?" అంది ఇంటావిడ. "ఇదే. ఇది ఎవర్నీ గుర్తు చెయ్యట్లేదు" అన్నారు.

బుధవారానికి చొక్కా తయారైంది. మాస్టారు తన కొలతలు తనే తీసుకున్నారు, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని. నిలబడితే చొక్కా అమోఘంగా ఉంది. భోజనానికి కూర్చోగానే మూడో గుండీ తెగి ఎగిరి వెళ్లి మరదలి మంచినీళ్ల గ్లాసులో పడింది.

"ఇది కూడా ఎవరో మరిచిపోయినదేనా బావా?" అంది మరదలు.

గురువారం పొద్దున మిగిలిన బట్టతో రెండో చొక్కా మొదలెట్టబోతుంటే కూతురు వచ్చి టేపు లాక్కుంది. "నువ్వు తిన్నగా నిలబడు. ఊపిరి వదులు. పూర్తిగా. ఆ, ఇప్పుడు నలభై మూడు."

"నలభై కదూ?"

"ఉతుకులో ముడుచుకున్నావేమో" అంది ఆ పిల్ల, అచ్చం తండ్రి గొంతుతో.

భుజాలు కొలుస్తూ వెనక నిలబడి, మొహం కనపడని చోటు చూసుకుని, మెల్లిగా అంది. "ఆ రోజు బస్సులో నేను వెనక కూర్చున్నాను కదా నాన్నా."

"ముందు చోటు లేదుగా అమ్మా."

"బస్సు సగం ఖాళీ నాన్నా."

మాస్టారు బల్ల మీది డబ్బా తెరిచారు. గుండుసూదులు రెండు తీసి పెదాల మధ్య పెట్టుకున్నారు, ఇక మాట్లాడాల్సిన అవసరం లేకుండా.

కూతురు ముందుకొచ్చింది. "చెయ్యి ముందుకు చాపు."

చెయ్యి పొడుగు కొలవాలంటే కిందికి వేలాడాలి కదా అన్నట్టు ఆయన కళ్లతోనే అడిగారు.

"బ్యాడ్జీ గుచ్చేటప్పుడు కిందికి వేలాడేసుకుని గుచ్చుతావా? చాపితే చొక్కా వీపు దగ్గర పట్టేయకూడదుగా. చాపు."

వంటింట్లోంచి మరదలి కేక వినిపించింది. "మరి నేనేం చెయ్యాలే?"

"నువ్వు గట్టిగా చప్పట్లు కొట్టు పిన్నీ!"

మాస్టారు చెయ్యి చాపారు. కూతురు టేపు ఒక కొస ఆయన వీపు మధ్య పట్టుకుని, రెండో కొస మణికట్టు దాకా లాగి, అంకె చూడబోయి ఆగింది.

"మళ్లీ ఊపిరి బిగబట్టావు నాన్నా, వదులు. కొలత తప్పుతోంది."