టర్బో ఇంజను తాళంచెవి

మా బావ కాటమరాజు. వాళ్లింట్లో గొర్రెల వెనక నడవకుండా స్టీరింగు పట్టినవాడు ఆయనొక్కడే. పుల్లలచెరువు దాటి అడవి పక్కనున్న ఊళ్ల నుంచి మార్కాపురానికి ఏళ్లతరబడి జీపు తోలినాడు. జిల్లా హద్దులు మారినాయి గానీ మా ఊళ్లకు బస్సు రాలేదు. డయాలసిస్‌కు పోయేవాళ్లు, కాన్పుకు పోయేవాళ్లు, కోళ్లు, కంది మూటలు, అన్నీ ఆ జీపులోనే. పోయిన ఎండాకాలం దాని ఇంజను పట్టేసింది. మళ్లీ బండి తిరక్కపోతే బావ కర్ర పట్టుకుని అన్న మంద వెనక నడవాల్సిందే.

మార్కాపురం మెకానిక్కు జ్ఞానయ్య ఒక మాటన్నాడు. "ఈ ముసల్దాన్ని ఎంత బాగుచేసినా లాభంలేదు రాజా. టర్బోది ఎక్కిద్దాం. ఇరవైమందిని ఎక్కించినా ఆయాసం రాదు."

పాత ఇనప దుకాణంలో ఒక పెద్ద కారు పడి ఉంది. గిద్దలూరు ఘాటులో పల్టీలు కొట్టిన బండి. పైకప్పు అణిగిపోయింది గానీ ఇంజను చెక్కుచెదరలేదు. బావ తన వాటా గొర్రెలన్నీ అమ్మి దాన్ని కొన్నాడు.

సామాను మొత్తం పోగయ్యేదాకా జ్ఞానయ్య జీపు మీద పానా పెట్టడు. షెడ్డు ముందు పట్టా పరిచి, ఏ వస్తువు బండిలో ఎక్కడుంటుందో పట్టా మీద అక్కడే పేరుస్తాడు. లేనిదాని చోట పలకరాయి ముక్క పెడతాడు. మొదటిరోజు నడిమధ్యలో ఇంజను, చుట్టూ రాళ్లే.

"ఏందన్నా, ఒక్క ఇంజను తెస్తే ఇన్ని రాళ్లా?" అన్నాడు బావ.

"కొత్తల్లుడు ఒక్కడే వస్తాడా? టర్బో తోసే గాలి కాగిపోయి ఉంటది, దాన్ని చల్లార్చే కూలర్ కావాల. పెద్ద రేడియేటర్ కావాల. నీ పాత గేరుబాక్సు ఈ బలానికి పళ్లు రాలగొట్టుకుంటది, అదీ మార్చాల."

కూలర్, రేడియేటర్ దర్శిలో దొరికినాయి. గేరుబాక్సు కోసం బావ ఒంగోలు దాకా పోయినాడు. ఇంజను కూర్చునే బిళ్లలు వెల్డింగు చేయించినారు. రాళ్లు ఒక్కొక్కటే లేచిపోతుంటే బావ ముఖంలోకి నెత్తురొచ్చింది. నాకే నమ్మకం కుదరలేదు. మా పక్క ఏదైనా చివరిదాకా వచ్చి ఆగడమే నేను చూసింది.

ఒక్క రాయి మిగిలింది. తాళంచెవిది.

"వైర్లు కలిపి స్టార్ట్ చెయ్యన్నా," అన్నాడు బావ.

"ఆ కాలం పోయింది. ఈ తాళంలో చిప్పుంటది. ఇంజను కంప్యూటర్ దాన్ని గుర్తుపడితేనే డీజిల్ వదుల్తది. లేకుంటే దానికి నువ్వు దొంగవి."

సిటీలో కొత్త తాళం చేసి కంప్యూటర్‌కు కలిపేవాళ్లకు జ్ఞానయ్య ఫోన్ చేసినాడు. అసలు తాళం లేకుండా యాక్సిడెంటు బండి కంప్యూటర్ ముట్టుకునేది లేదన్నారు.

ఆరోజే బావ అన్న గురుస్వామి షెడ్డు దగ్గరికొచ్చి, పట్టా చుట్టూ తిరిగి నవ్వినాడు. "గొర్రెకు తాళంచెవి అక్కర్లేదురా. హోయ్ అంటే నడుస్తది."

బావ లేచి ఇనప దుకాణానికి పోయినాడు.

ఇనప దుకాణం వాళ్లు కారు వచ్చిన ఊరు చెప్పినారు. కొమరోలు దగ్గర పల్లె. ఇద్దరం బస్సెక్కినాం. కారు తోలిన చెన్నకేశవులు ఆ యాక్సిడెంటులోనే పోయినాడు. తల్లి పుల్లమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తా ఉంది. మా కులపోళ్లే. వరసలు కలిపి, మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చింది. బావ గ్లాసు పట్టుకుని వాన గురించే మాట్లాడతా కూర్చున్నాడు. చివరికి నేనే అడిగినా.

"పెద్దమ్మా, మీ కారు ఇంజను మా జీపుకు ఎక్కిస్తున్నాం. దాని తాళం మీ దగ్గరుందా?"

"ఉండె నాయనా. పోలీసోళ్లు పర్సూ తాళం తెచ్చిచ్చిరి. వాడు పడుకున్నా దాన్ని దిండు కిందే పెట్టుకునేటోడు. పూడ్చేటప్పుడు చొక్కా జేబులో పెట్టినాం. దువ్వెన పెట్టినాం, సిగరెట్ పెట్టె పెట్టినాం. తాళం లేకుండా ఎట్ల పంపేది?"

మాలో అంతే. పోయినోడికి ఇష్టమైంది వాడితోనే పోవాల.

"ఇంకో తాళం లేదా?"

"పాత కారే కొన్నాడు. అమ్మినోళ్లు ఒకటే ఇచ్చిరి."

ఇంటెనక చేనుగట్టు మీద సమాధి కనపడతానే ఉంది. ఇంకా సిమెంటు వెయ్యలేదు. మట్టిదిబ్బ, పైన కంప. గడ్డపార ఉంటే ఎంతసేపు? నా చూపు అటు పోవడం బావ కనిపెట్టి నా మోచేయి నొప్పి పుట్టేట్టు పట్టుకున్నాడు. "పా, పోదాం," అన్నాడు.

లేస్తుంటే ఆమె అడిగింది. "ఆ ఇంజను బాగుందా నాయనా?"

"బాగుంది అత్తా."

"వాని ఒంట్లో ఒక్క ఎముక మిగల్లేదు. దానికేం కాలేదా!" చేతిలోని కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "మీ జీపు తిరిగినాక ఒక్కసారి ఇట్ల తోలుకురా. వాని బండి సప్పుడు రోడ్డు మీద ఉండంగానే గుర్తుపట్టేదాన్ని. ఇంటి ముందుకొద్దు, దూరంగానే ఆపు. ఊరికే వింటా."

తాళం లేకుండా అది పలకదని బావ ఆమెకు చెప్పలేదు. "దసరాకు తెస్తాలే అత్తా," అన్నాడు.

"ఈ ఏడు దసరా ఎప్పుడొస్తదబ్బాయా?" అని ఆమె నన్నడిగింది.

నేనూ తారీకు చెప్పినా.