టీచరుగారు దాచిన ప్లమ్ పండ్లు

తాడేపల్లిగూడెంలో మా పక్కింటి టీచరుగారు ఏ పండునైనా తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాకే తినేవారు. వానాకాలంలో ప్లమ్ పండ్లు బజారుకు రాగానే గట్టివి కొని, కాగితం సంచిలో ముగ్గబెట్టి, పండాక ఫ్రిజ్‌లో దాచేవారు.

ఆ ఏడు నా భార్యకు వేవిళ్ళు. మంచినీళ్ళు కూడా కడుపులో నిలిచేవి కావు. రేపటికీ ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చమన్నారు డాక్టరుగారు. పుల్లటి ప్లమ్ పండైతే తింటానంది తను. వెతుక్కుంటూ ఏలూరు దాకా వెళ్ళాను.

"సీజనైపోయిందండీ. మళ్ళీ వచ్చే ఏడాదే," అన్నారు పండ్ల కొట్లవాళ్ళు.

వట్టి చేతులతో తిరిగొచ్చిన నన్ను చూసి టీచరుగారు సంగతి అడిగారు. వెంటనే లోపలికి వెళ్ళి, గిన్నెలో నాలుగు పండ్లు పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఒక్కొక్కటే నొక్కి చూసి, మెత్తనిది ఏరి మా ఆవిడ చేతిలో పెట్టారు.

"కొంచెం కొంచెం కొరకమ్మా. తొందరేం లేదు."

తను తింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి తన ముఖమే చూస్తూ నిలబడ్డాం. ఎంతసేపటికీ వాంతి కాలేదు.

"ఇంకోటి తిననా అండీ?" అంది మా ఆవిడ.

టీచరుగారు కుర్చీలో కూలబడి, "అన్నీ నీవేనమ్మా!" అంటూ గట్టిగా నవ్వేశారు.