కదలని ముల్లు

ఈ రోజు ఉదయం నేనూ నా భార్య సుజాతా మా పాత జీపులో ఆలూరు నుంచి కర్నూలుకు బయలుదేరాం. ఎండ అప్పటికే ముదిరింది. ఊరు దాటుతుండగానే సుజాత ముక్కు ఎగబీల్చి, "ఏందో తియ్యగా వాసనొస్తాండాది, బండి ఆపండి" అంది.

ఇంజన్ వేడి చూపే మీటర్ వైపు చూశాను. "ముల్లు మధ్యలోనే ఉండాది. ఏం కాలేదులే" అన్నాను.

"ముల్లు సంగతి నాకు తెలీదు. ముందు ఆపండి."

ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి మొహాన కొట్టింది. రేడియేటర్ పైపు చీలి, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కారిపోతోంది; ఆ తియ్యటి వాసన దానిదే. దగ్గర్లోని షెడ్డు నుంచి మస్తాన్ అనే పెద్దాయన వచ్చి, ఇంజన్ చల్లారనిచ్చి పైపు మార్చాడు. తర్వాత తాళం చెవి తీసి మీటర్ చూపించాడు. ముల్లు మధ్యలోనే ఉంది.

"బండి ఆపితే ఇది కిందికి పడాల. శానా దినాల కిందటే ఇరుక్కోనుండాదప్పా. ఇంకొంచెం దూరం పోయింటే ఇంజన్ కాలి పట్టేసి సీజయ్యేది. అమ్మ ఆపమనింది కాబట్టి మిగిలింది."

కొత్త మీటర్ పెట్టి, దాని సెన్సార్‌ను ఇంజన్‌కు బిగించే ముందు, టీకొట్టు నుంచి మరిగే నీళ్లు తెప్పించి అందులో ముంచాడు. ముల్లు మెల్లగా లేస్తుంటే సుజాత "పైకి పోతాండాది!" అని సంబరపడింది.

నాకు మాత్రం సిగ్గేసింది. ఎంత ఎండలోనైనా మా జీపు ముల్లు కదలదని నాలుగేళ్లుగా అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. సుజాతకు ఇంకా సారీ చెప్పలేదు, ఈ పోస్టు చూసి సరిపెట్టుకుంటుందేమో. మీ పాత బండి ఆపాక ముల్లు ఎక్కడ నిలబడుతోందో ఒక్కసారి చూసి చెప్పండి.