నా పేరు మీద ఒక పాలసీ

ఇన్సూరెన్స్ ఏజెంటు ఆ సాయంత్రం మా ఆయన కోసం వచ్చాడు. ఆయనకు బేగంపేటలో ఉద్యోగం. ఇంటికంటే దగ్గరని అమీర్‌పేటలో నేను నడిపే బ్లౌజుల షాపుకే రమ్మన్నారు. నేను మెషిన్ మీద పైపింగ్ వేస్తూ వింటున్నాను.

"సార్‌కి ఏమన్నా అయితే మేడమ్‌కు, పాపకు ఫికర్ ఉండొద్దు గదా," అంటున్నాడు ఏజెంటు.

మెషిన్ ఆపాను. "మరి నాకేమన్నా అయితే?"

ఇద్దరూ నావైపు చూశారు. కోపంతో అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది. పాప ఫీజు, ఇంటి సరుకులు నా సంపాదనతోనే నడుస్తాయి. ఆయనకు పీఎఫ్ ఉంది. నాకున్నవి రెండు మెషిన్లు.

"మేడమ్‌కు సుత తీస్కోవచ్చు. గృహిణి అని రాస్తే సార్ పాలసీని బట్టి కొంత ఇస్తరు."

"గృహిణి ఏంటండీ? ఇంత షాపు కనబడుతుంటే?"

అతను నవ్వేశాడు. "సొంత పని అంటే ఆదాయం చూపియ్యాలె మేడమ్. రిటర్నులు ఏసిండ్రా?"

వేయలేదు. పన్ను కట్టాల్సినంత రాదు కదా అని ఆ జోలికే పోలేదు. మరుసటి వారమే ఎస్.ఆర్. నగర్‌లో ఒక ఆడిటర్‌ని కలిశాను. పన్ను లేకపోయినా రిటర్ను వేయొచ్చని ఆయన చెబితే ఆశ్చర్యపోయాను. అలా వరుసగా కొన్నేళ్లు వేశాక అదే ఏజెంటుకు ఫోన్ చేశాను.

ఈసారి రెండు రకాల పాలసీలు చూపించాడు. ఒకదాంట్లో కట్టింది చివరికి తిరిగొస్తుంది. రెండోదాంట్లో మనం బతికుంటే పైసా రాదు.

"రానిదానికి కట్టడం దేనికి?" అన్నారు మా ఆయన.

"రెండింట్లోనూ ఒకే మొత్తం కట్టి నేను రేపే పోతే, పాపకు దేంట్లో ఎంతొస్తుంది?" అని అడిగాను.

ఏజెంటు లెక్కేసి ఫోన్ మా ముందు పెట్టాడు. రెండోదాంట్లో ఎన్నో రెట్లు ఎక్కువ. మా ఆయన ఫోన్ దగ్గరకు లాక్కుని అంకెలు మళ్లీ చూసి, "ఇదే తీసుకో," అన్నారు.

పాలసీ కోసం పంజాగుట్టలో రక్తపరీక్ష, ఈసీజీ చేయించుకున్నాను. ఏ లోపమూ చెప్పలేదు. పాలసీ వచ్చింది.

ఇక మిగిలింది ముసలితనం. పింఛను ఖాతా గురించి మాట్లాడుతూ ఏజెంటు, "పని ఏ వయసుల ఆపుతరు?" అన్నాడు. ఆఫీసులో అయితే వాళ్లే చెబుతారు. షాపులో ఎవరు చెబుతారు?

బోరబండ నుంచి వచ్చి నా దగ్గర మగ్గం వర్క్ చేసే ఆవిడను అడిగాను. ఆపా, అంటే అక్క, అని పిలుస్తాను. నాకంటే చాలా పెద్దావిడ. ఈ పనిలోనే జీవితమంతా గడిపింది.

"ఆపా, మీరు ఎప్పుడు ఆపేస్తారు?"

సూది బట్టలోనే ఉంచి తలెత్తింది. "నేనేడ ఆపుత చెల్లె? కండ్లే ఆపుతయి. సన్న పూసలు రెండేండ్ల సంది నేను ముట్టుకుంటలేను, చూస్తలేవా?"

నేను గమనించనే లేదు. సన్న పని వస్తే పక్కనున్న అమ్మాయికి జరుపుతుంటే, నేర్పుతోంది అనుకున్నాను. ఆ రోజు నా కళ్ల గురించి మొదటిసారి ఆలోచించాను. అప్పటికే నల్ల బట్ట మీద నల్ల దారంతో కుట్టాలంటే కిటికీ దగ్గరకు పోతున్నాను.

ఏజెంటును మళ్లీ షాపుకు పిలిచి, పని ఆపే వయసు అతను అరవై అని వేసుకున్నదాన్ని యాభై ఐదు చేసి లెక్క వేయించాను. నెల నెలా పక్కన పెట్టాల్సింది పెరిగింది. అయినా ఒప్పుకున్నాను. ఆ వయసు తర్వాత కుట్టగలిగితే సంతోషమే.

ఆపా ఇదంతా వింటూనే ఉంది. ఏజెంటు లేవబోతుంటే పిలిచింది.

"భాయ్, జర ఆగు. నా వయసోళ్లకు సుత ఏమన్న ఉంటదా?"

అతను మళ్లీ కూర్చున్నాడు. ఆపా కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మగ్గం దగ్గరి నుంచి లేచి అతని ఎదురుగా స్టూలు వేసుకుంది. ఇద్దరికీ టీ చెప్పడానికి నేను బయటకు నడిచాను.