నొప్పి రెండు

లొరీన్ ఆ రోజు మొగుడి చేత ఒట్టు వేయించుకున్నాకే కారెక్కింది. "ఈసారి అడిగితే నిజం చెప్తావుగా?" అంటే డెల్మార్ "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" విలువెంతో ఆమెకు తెలుసు. నలభై తొమ్మిదేళ్లుగా వింటోంది.

అమెరికాలో కెంటకీ కొండల్లోని వాళ్ల ఇంటి నుంచి మాజీ సైనికుల ఆసుపత్రికి రెండున్నర గంటల దారి. డెల్మార్ వియత్నాం యుద్ధంలో సార్జెంటుగా చేసిన మనిషి. షుగరు ముదిరి, అక్టోబరులో కుడికాలి బొటనవేలు నల్లబడింది. అప్పుడు వస్తే, నొప్పి ఒకటి నుంచి పదిలో ఎంతని కౌంటర్లో అడిగారు. రెండు అన్నాడు మహానుభావుడు. రెండన్నవాడికి రక్తనాళాల డాక్టరు ఏప్రిల్లో గానీ దొరకడు. డిసెంబరులో ఫోన్లో అడిగినా అదే రెండు. ఇప్పుడు ఫిబ్రవరి. నలుపు పాదం మీదికి పాకింది. ఇవాళ కూడా ఎవరూ చూడకపోతే కాలు దక్కదని లొరీన్ భయం.

ఉదయం ఎనిమిదికి కౌంటరమ్మాయి అదే ప్రశ్న వేసింది. డెల్మార్ సార్జెంటు చారలున్న తన పాత టోపీ సర్దుకున్నాడు.

"రెండు."

"రెండా? రాత్రంతా దుప్పటి కొరుక్కుంటూ పడున్నదెవరు?" అంది లొరీన్.

"ఆ పక్కనాయనకి చెయ్యే లేదే. ముందు ఆయన్ని చూడనీ."

"ఆ చెయ్యి ఎప్పుడో పోయిందయ్యా. ఇవాళ చూస్తే మొలుస్తుందా?"

చెయ్యి లేనాయన ఫక్కున నవ్వాడు. "మీ ఆవిడ మాట వినండి సార్. నేను కళ్లజోడు కోసం వచ్చా."

"ఎనిమిదని రాయమ్మా" అని లొరీన్ కౌంటరు మీదికి వంగింది. "పేషెంటు నోటితో చెప్పిందే ఎక్కించాలండీ" అంది ఆ అమ్మాయి.

పన్నెండైంది. ఒంటిగంటైంది. వెనక వచ్చినవాళ్లు లోపలికి వెళ్లిపోతున్నారు. డెల్మార్ మొహం పాలిపోయింది. చెమటలు పడుతున్నాయి. లొరీన్‌కు ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. యుద్ధంలో తన కుర్రాళ్లకు కట్లు కట్టాకే తన గాయం చూపించుకున్నాడట. ఆ అలవాటు ఈ కుర్చీ దాకా వచ్చింది.

ఎవరినో పిలవడానికి వచ్చిన నర్సు టెస్సా వాళ్ల దగ్గర ఆగిపోయింది. కుళ్లు వాసన. ఆమె ఇరాక్ ఎడారి యుద్ధంలో పనిచేసిన మనిషి. బూటు వంకా టోపీ వంకా చూసింది. నొప్పి సంగతి అడగలేదు. నిటారుగా నిలబడి, "సార్జెంట్, రిపోర్ట్ ఇవ్వండి" అంది.

డెల్మార్ నడుం దానంతటదే నిటారైంది. "కుడి పాదం. నాలుగు నెలలుగా నలుపు. నిన్నటి నుంచి వేళ్లకు స్పర్శ లేదు. రెండు రోజులుగా జ్వరం. నొప్పి తొమ్మిది, మేడమ్."

జ్వరం మాట లొరీన్‌కే తెలియదు.

టెస్సా అక్కడే మోకాళ్ల మీద కూర్చుని బూటు విప్పింది. వెంటనే చక్రాల కుర్చీ తెప్పించింది.

సాయంత్రం సర్జన్ వచ్చి మోకాలి కింద దాకా తీసేయాలన్నాడు. "అక్టోబరులో వచ్చుంటే వేలితో పోయేది."

"వచ్చాను" అన్నాడు డెల్మార్. "రెండని చెప్పాను."

"ఆయన రెండన్నాడు సరే" అంది లొరీన్. "ఆ బూటు విప్పి చూపించమని ఒక్కరైనా అడిగారా?"

సర్జన్ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. అడిగినట్టు ఎక్కడా రాసి లేదు.